గట్టు మీద నడిస్తేనే కుట్టనాడు

పంపలో స్నానం చేసి కొండెక్కే తెలుగువాళ్ళు ఏటా లక్షల్లో ఉంటారు. ఆ నది కొండ దిగాక ఎటు పోతుందో ఏడుసార్లు మాల వేసుకున్న నాకూ తెలియదు. ఏడోసారి దర్శనం అయ్యాక మా బృందం పదకొండు మందిమీ టెంపో ట్రావెలర్‌లో అలెప్పీ వచ్చాం. రేవు దగ్గర బేరమాడి నాలుగు గంటలకి ఒక హౌస్‌బోటు మాట్లాడుకున్నాం. పైన మెత్తటి కుర్చీలు, వెనక వంట, స్పీకర్లో అయ్యప్ప పాటలు. రెండు పక్కలా కొబ్బరి చెట్లు, వాటి వెనక సన్నటి పచ్చ గీతలా చేలు. "ప్రకృతి అంటే ఇదీ!" అన్నారు మా గురుస్వామి. అందరం అవునన్నాం. చెయ్యి ముంచి ఆడుకున్న ఆ నీళ్ళలో మేం రెండు రోజుల కిందట మునిగిన పంప కూడా ఉందని ఆ పడవలో ఎవరికీ తెలియదు.

ఆ రోజు అవునన్న మాటని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

కేరళలో అలెప్పీ చుట్టుపక్కల ఉన్న ఆ పల్లపు ప్రాంతమే కుట్టనాడు. అక్కడ మనం ఫొటోలు తీసుకునే పచ్చదనంలో చాలా భాగం ప్రకృతి ఇచ్చింది కాదు. మనుషులు నీళ్ళలోకి దిగి గట్టు వేసి, లోపలి నీళ్ళు తోడేసి, అడుగున ఉన్న నేలని బయటికి తీశారు. తోడటం ఇవాళ్టికీ ఆగలేదు. ఆగితే ఆ చేలు మళ్ళీ మడుగులే. ఇలాంటి చోటుని నాలుగు గంటల్లో చూస్తే అందం కనబడుతుంది, కష్టం కనబడదు. కష్టం కనబడాలంటే ఒకచోట ఆగాలి, నడవాలి, నిన్న చూసిన గట్టు మీదకే ఇవాళ మళ్ళీ వెళ్ళాలి. తీరుబడిగా తిరగడం అనగానే అందరూ మనశ్శాంతి గురించి చెబుతారు. నా లెక్కలో అది మన మనసుకి సంబంధించిన విషయం కాదు. ఎదుటివాళ్ళ పనిని పనిగా గుర్తించడానికి అంత సమయం పడుతుంది, అంతే.

రెండేళ్ళ తర్వాత ఫిబ్రవరి చివర్లో మా ఆవిడా నేనూ మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆరు రోజులు, ఒకే ఊళ్ళో మకాం. అలెప్పీ బస్టాండుకి దగ్గర్లోనే బోటు జెట్టీ ఉంది. కేరళ జలరవాణా శాఖ పడవలు అక్కణ్ణించే కైనకరి, నెడుముడి, కావాలం, కొట్టాయం వైపు వెళ్తాయి. కొట్టాయం దాకా రెండున్నర గంటల ప్రయాణానికి మేం వెళ్ళినప్పుడు టికెట్టు ముప్పై రూపాయల లోపే. పడవ ఒక ఒడ్డున ఆగుతుంది, అడ్డంగా అవతలి ఒడ్డుకి వెళ్తుంది, మళ్ళీ ఇవతలికి వస్తుంది. స్కూలు పిల్లలు, చేపల బుట్టలు, గ్యాస్ సిలిండరు, ఒక కొత్త సీలింగ్ ఫ్యాను. చుక్కాని దగ్గరున్న మనిషి తాడు లాగితే గంట మోగుతుంది. ఆ గంటని బట్టి కింద ఇంజను దగ్గరున్న మనిషి వేగం తగ్గిస్తాడు, పెంచుతాడు. చుక్కాని మనిషిని ఏమంటారని కండక్టర్ని అడిగాను. "స్రాంగ్" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. మా గోదావరి లాంచీల మీద సరంగు అనేదీ ఈ మాటే కదా! ఏ ఓడలతోనో సముద్రం మీద తిరిగి మాకూ వాళ్ళకీ చేరిన మాట.

అరగంట అయ్యాక కాలువ సన్నబడింది. పడవ కుడి ఒడ్డుకి బాగా దగ్గరగా వెళ్తోంది. నేను చివరి బెంచీ మీద కూచుని ఉన్నాను. గట్టుకి అవతల ఒక తలపాగా కదులుతోంది. ముందు ఎవరో కూచుని గడ్డి కోస్తున్నారనుకున్నాను. గట్టు కాస్త తగ్గిన చోట ఆయన మొత్తం కనిపించాడు. నిలబడే ఉన్నాడు, భుజాన పార. నీళ్ళ మీద పోతున్న పడవలో నా కాళ్ళు ఉన్న మట్టానికి అటూ ఇటూగా ఉంది ఆయన తల. ఆయన వెనక కనుచూపు మేర పొట్ట విప్పిన వరి. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ గట్టుకి గండి పడితే?" అంది.

నాకు కుట్టనాడు అర్థం కావడం మొదలైంది ఆ క్షణంలోనే. నేను కోనసీమవాణ్ణి. చేను కాలువకంటే పల్లంలో ఉండటం మాకు కొత్త కాదు, తూము ఎత్తితే నీరు దానంతటదే పారుతుంది. ఇక్కడ ఏకంగా సముద్ర మట్టానికే కింద, కొన్నిచోట్ల రెండు మీటర్లకి పైగా లోతున వరి పండుతుంది. నీళ్ళు పెట్టడం చిటికెలో పని. తీయడమే వ్యవసాయం. పంప, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచ్చిల్ అనే నాలుగు నదులు కొండల మీంచి ఒండ్రు తెచ్చి వేంబనాడు కాయల్లో కలిసే పల్లం ఇది. కాయల్ అంటే సముద్రపు పోటు లోపలిదాకా వచ్చే పెద్ద సరస్సు. వానాకాలంలో నదుల నీరు ముంచుతుంది, ఎండాకాలంలో సముద్రపు ఉప్పు తోసుకొస్తుంది. ఈ రెంటి మధ్య దొరికే కొద్ది నెలల్లో, మన దాళ్వాకి కాస్త ముందుగా, ఒక పంట తీస్తారు. దాన్ని పుంజ అంటారు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది.

గట్టు ఎలా వేశారో తెలుసుకున్నప్పటి నుంచి నేను దాని మీద మామూలుగా నడవలేకపోయాను. కాయల్ అడుగులోకి కొబ్బరి మొద్దులూ వెదుళ్ళూ రెండు వరసలుగా దిగ్గొట్టేవాళ్ళు. వాటికి వెదురు తడికలు కట్టేవాళ్ళు. రెండు తడికల నడుమ ఇసక, రెమ్మలు, వాటి మీద బంకమట్టి. ఆ మట్టి ఎక్కణ్ణించో పడవల మీద వచ్చింది కాదు. కూలీలు ఊపిరి బిగబట్టి నీళ్ళ అడుక్కి మునిగి, పెళ్ళలుగా కోసుకుని పైకి తెచ్చిన మట్టి. అలా వందల ఎకరాల చుట్టూ వేశారు. గట్టు చుట్టూ కలిశాక లోపలి నీళ్ళు తోడటం మొదలు. మొదట్లో చక్రాలు తొక్కేవాళ్ళు, ఒక్కో చక్రానికి పైన మనుషులు వరసగా కూచుని, రాత్రీ పగలూ.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో కాయల్ లోపలికి ఈ పని పెద్ద ఎత్తున సాగింది. ఒండ్రు కొట్టుకుపోయి కొచ్చి రేవు పూడిపోతుందన్న భయంతో 1903లో ఆపేశారు. దాదాపు పదేళ్ళకి నిషేధం ఎత్తేశాక కాయల్‌ని ముక్కలు ముక్కలుగా లెక్కగట్టి ఒక్కో ముక్కకీ ఇంగ్లిషు అక్షరం పేరు పెట్టారు. ఇవాళ్టికీ పడవలో "సీ బ్లాకు దగ్గర దిగాలి", "ఆర్ బ్లాకు దాకా ఇవ్వండి" అని వినబడుతుంది. ఊరికి అమ్మవారి పేరో, చెట్టు పేరో ఉండటం మనకి అలవాటు. అక్షరం పేరున్న నేల అంటే, దానికి పేరు పెట్టడానికి ముందు అక్కడ నేలే లేదు.

1940ల్లో బర్మా బియ్యం ఆగిపోయి, కుట్టనాడు అప్పుడు ఉన్న తిరువాన్కూరు సంస్థానం ఆకలితో అల్లాడింది. అప్పుడు జోసెఫ్ మురిక్కన్ అనే భూస్వామి కాయల్లో ఇంకా లోతుకి వెళ్ళి మూడు పెద్ద బ్లాకులు తీయించాడు. రాజకుటుంబం పేర్లే పెట్టాడు: చిత్తిర, మార్తాండం, రాణి. (ఆ బర్మా బియ్యం మాటతో నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. రంగూన్ మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసినవాళ్ళలో గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళిన మనవాళ్ళు వేలమంది. రంగం వెళ్ళి తిరిగిరాని తాత లేని ఇల్లు మా వైపు తక్కువ. మలయాళీల కంచంలోకి చేరిన ఆ బియ్యంలో కొంతైనా మనవాళ్ళ వీపుల మీంచి దిగే ఉంటుంది.)

మురిక్కన్‌ని అక్కడ ఇప్పటికీ కాయల్ రాజు అని గౌరవంగా తలుచుకుంటారు. ఆయన తెగువని నేనూ కాదనను. అయితే నీళ్ళ అడుక్కి మునిగి మట్టి తెచ్చిన పులయ అనే దళిత కులపు కూలీల పేరు మీద ఒక్క బ్లాకు కూడా లేదు. గట్టు ఎంతకీ నిలవకపోతే గండిలో మనిషిని పెట్టి పూడ్చేవారని కథలు చెప్పుకుంటారు అక్కడ. మన అనంతపురం వైపు బుక్కరాయసముద్రం చెరువుకట్టకి ముసలమ్మ కథ ఉంది చూడండి, అలాంటివే. నిజంగా జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. ఎవర్ని బలిచ్చారని కథ చెబుతుందో చూస్తే ఆ గట్టు ఎవరి ప్రాణాల మీద నిలబడిందని జనం నమ్ముతున్నారో తెలుస్తుంది. హౌస్‌బోటు గైడు రాజు కథ చెబుతాడు, నాలుగు గంటల్లో చెప్పడానికి అదే వీలు. కూలీల కథ వినాలంటే వాళ్ళ మనవడి ఇంటి అరుగు మీద సాయంత్రం పూట కూచోవాలి. మేం కూచున్నాం. ఆయనకి ఇప్పుడు ఎకరంలోపు చేను ఉంది. 1970ల్లో భూసంస్కరణల కింద మురిక్కన్ బ్లాకుల్ని ప్రభుత్వం తీసుకుని కూలీ కుటుంబాలకి పంచినప్పుడు వచ్చింది. తర్వాత ఆ బ్లాకులు చాలా ఏళ్ళు పంట లేకుండా నీళ్ళలోనే ఉండిపోయాయి. "పేదవాళ్ళకి పంచితే ఇంతే" అనేవాళ్ళు అక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. నేను ఒప్పుకోను. చేను ముక్కలవుతుంది గానీ గట్టు ముక్కలవదు. చేను పంచి, గట్టు ఖర్చూ తోడే ఖర్చూ ఎవరిదో తేల్చకపోతే అందరి చేలూ కలిసే మునుగుతాయి.

అందుకే అక్కడ చేలని విడివిడిగా లెక్కపెట్టరు. ఒకే గట్టు లోపల ఉన్న చేలన్నీ కలిపి ఒక పాడశేఖరం. దానికో సంఘం, సంఘానికో పంపు షెడ్డు. మేమున్న ఇంటికి వంద అడుగుల దూరంలో ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్ళి నిలబడేవాణ్ణి. లోపల ఉన్న యంత్రాన్ని 'పెట్టియుమ్ పరయుమ్' అంటారు. పెట్టి అంటే పెట్టె, పర అంటే ధాన్యం కొలిచే పెద్ద కొలత పాత్ర. పేరులో ఉన్నట్టే పైన చెక్క పెట్టె, దాని కింద నిలువుగా చెక్క పలకలతో కట్టిన గొట్టం, గొట్టం లోపల రెక్కలు. మోటారు నుంచి పొడుగాటి బెల్టు వచ్చి రెక్కలున్న ఇరుసుని తిప్పుతుంది. చేల మురుగు గొట్టంలోంచి పైకి పొంగి పెట్టెలో పడి, అక్కణ్ణించి గట్టు అవతల కాలువలోకి దూకుతుంది. నీళ్ళు ఎక్కేది మనిషెత్తుకి కాస్త ఎక్కువ, కానీ వెడల్పుగా, ఒరుసుకుంటూ, నురగ కడుతూ వస్తాయి. వందేళ్ళకి పైగా ఇదే పద్ధతి. పెట్టె చెక్క నల్లగా నానిపోయి, గోరు పెడితే దిగేట్టుంది. పంపు చూసుకునే పెద్దాయన ఒక చెయ్యి ఎప్పుడూ ఆ చెక్క మీదే ఉంచేవాడు. "ఎందుకు చేట్టా?" అని సైగ చేసి అడిగాను. చేట్టన్ అంటే అన్న. నా చెయ్యి లాక్కుని చెక్క మీద పెట్టాడు. సన్నటి వణుకు. తర్వాత ఆయన కాలువలోంచి ఒక గుర్రపు డెక్క మొక్కని తీసి చూపించి, అది రెక్కల్లో ఇరుక్కుంటే వణుకు మారుతుందని చేతులతో చెప్పాడు. మూడో రోజుకి ఆ తేడా నాకూ తెలిసింది. మొదటిరోజే తిరిగొచ్చేసి ఉంటే అది నాకు ఒక మోత మాత్రమే.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. నా మీద నేనే చాలాసార్లు పెట్టుకున్నాను. తీరిగ్గా తిరగడం నాలాంటి రిటైరైన ఉద్యోగికి కుదిరే సుఖం. ఆ పడవలో ఉన్నవాళ్ళు నెమ్మదిగా వెళ్ళాలని కోరుకుని వెళ్తున్నారా? పక్కన కూచున్న ఒక చేచ్చి, అంటే అక్క, ఆస్పత్రిలో పని చేస్తుంది. పడవ తప్పితే తర్వాతిది వచ్చేదాకా రేవులోనే. అత్తగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే రోడ్డు లేని చోట ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆవిడ ఇంగ్లిషు, హిందీ కలిపి చెప్పింది. ఆవిడకి వంతెన కావాలి. తొందరగా కావాలి. 2018 వరదల్లో కుట్టనాడు దాదాపు మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. పడవల మీద, లారీల మీద జనాన్ని చంగనాశ్శేరి వైపు తరలించారు. అలెప్పీ–చంగనాశ్శేరి రోడ్డు మునిగిపోయింది కాబట్టే తర్వాత దాన్ని ఎత్తు చేసే పని పెట్టుకున్నారు. ఆ రోడ్డు రాకూడదనీ, ఊరు ఇలాగే 'అందంగా' ఉండిపోవాలనీ కోరుకునే హక్కు నాకు లేదు. కోనసీమలో పంటు మీద గోదావరి దాటి పెరిగినవాణ్ణి, వంతెన విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను వాళ్ళ నిదానాన్ని మెచ్చుకోవడం లేదు. మన తొందరని తప్పుపడుతున్నాను. ఆవిడకి తొందర అవసరం, ఎందుకంటే ఆవిడ అక్కడ బతకాలి. నాకు అక్కడ ఏ పనీ లేదు, ఉన్నదల్లా చూడటమే. ఆ ఒక్క పని కూడా నాలుగు గంటల్లో తేల్చేసి వచ్చానంటే నేను దేనికి వెళ్ళినట్టు?

డబ్బు సంగతి కూడా ఉంది. హౌస్‌బోటు అసలు పేరు కెట్టువళ్ళం, మేకు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి కట్టే పడవ. ఒకప్పుడు కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చి దాకా మోసింది అదే. రోడ్లూ లారీలూ వచ్చి పని పోయింది. 1990ల నుంచి దాని మీద గదులు కట్టి టూరిస్టులని మోయిస్తున్నారు. పడవ బతికిందనే సంతోషం నాకూ ఉంది, దాని మీద వేలమంది అన్నం తింటున్నారు. కానీ ధాన్యం మోసిన పడవ మీద కూచుని చేను వైపు చూడకుండా వచ్చేస్తున్నాం. పెద్ద పడవలు దగ్గరగా పోతే అల వచ్చి గట్టుని తింటుంది. మురుగూ చెత్తా కాలువలో కలిస్తే, ఆ నీళ్ళలోనే గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు రెండు ఒడ్డులా ఉన్నారు. మనం ఇచ్చే వేలల్లో గట్టు మీద మట్టి వేసే సంఘానికి చేరేది ఏమీ ఉండదు. ఊళ్ళో ఇంట్లో ఉండి, ఆ ఇంటివాళ్ళ బియ్యం తిని, వాళ్ళ నాటు పడవవాడికే కూలి ఇచ్చి తిరిగితే కొంతైనా చేరుతుంది. మేమున్న ఇంట్లో వండింది సొంత చేలో పండిన ఎర్ర గింజ. లావుగా, ఉప్పుడు బియ్యం. ఉమ అనే రకం, పక్కనే మంకొంబు వరి పరిశోధన కేంద్రంలో తయారైంది. ఎం.ఎస్. స్వామినాథన్ గారి పేరులో మొదటి అక్షరం ఆ మంకొంబే, వాళ్ళ పూర్వీకుల ఊరు. కుడంపులి అనే పుల్లటి ఎండు కాయ వేసిన చేపల కూరతో ఆ అన్నం తింటే సాయంత్రం దాకా ఆకలి ఉండదు.

నీళ్ళు తోడి నేల తీయడం గొప్ప పనే అంటున్నాను కదా అని అంతా మంచే జరిగిందని అనుకోవద్దు. ఉప్పునీటిని ఆపడానికి తణ్ణీర్ముక్కం దగ్గర కాయల్‌కి అడ్డంగా బారేజీ లాంటి కట్టడం కట్టారు, 1970ల మధ్యకి పూర్తయింది. మామూలుగా డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా తలుపులు దించుతారు. వరి రైతుకి ప్రాణం నిలిచింది. ఉప్పునీటితో పాటు వచ్చే చేపా రొయ్యా తగ్గి జాలరికి పొట్ట కాలింది. ఉప్పు తగిలితే చచ్చిపోయే గుర్రపు డెక్క తీపి నీళ్ళలో విచ్చలవిడిగా అల్లుకుంది. చేలలో వేసిన మందులు బయటికి పోక అక్కడక్కడే తిరుగుతున్నాయి. తలుపులు ఎప్పుడు ఎత్తాలి అన్నదాని మీద రైతులకీ జాలర్లకీ ఏటా పేచీయే. నాలుగో రోజు సాయంత్రం టీకొట్టు దగ్గర ఈ మాటే వచ్చి ఇద్దరు గొంతులు పెంచుకున్నారు. ఒకాయనవి కోతకొచ్చిన చేలు, ఇంకొకాయన వలవాడు. వాళ్ళు బావా బావమరుదులని మేమున్న ఇంటాయన తర్వాత చెప్పాడు. ఎవరిది న్యాయమో నేను తేల్చలేను. మా వైపు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు కూడా, ఒక పక్క సరస్సు, ఒక పక్క బతుకు. అప్పుడూ తేల్చలేకపోయాను.

కోతలు అప్పుడే మొదలయ్యాయి. కోత మెషీన్లని పంటు మీద ఎక్కించుకుని తెచ్చారు, చాలావరకు తమిళనాడు నుంచి వచ్చినవి. కళ్ళంలో మిల్లు ఏజెంటు గుప్పెడు ధాన్యం తీసి, తేమ ఎక్కువుందని క్వింటాలుకి ఇన్ని కిలోలు తరుగు తీస్తానంటున్నాడు. భాష రాకపోయినా ఆ సంభాషణ మొత్తం నాకు అర్థమైంది. మా నాన్న ఆ మాటలు ఎన్నిసార్లు పడ్డారో!

ఇంటాయన చేను ఇంకా కోతకి రాలేదు, వారం పడుతుంది. ఐదో రోజు రాత్రి ఒంటిగంట దాటాక ఆయన చెప్పుల చప్పుడుకి మెలకువ వచ్చింది. బయటికి వెళ్తే టార్చి పట్టుకుని గట్టు ఎక్కుతున్నాడు. వెనకే వెళ్ళాను. వద్దనలేదు. ఎడమ పక్కన కాలువ నిండుగా, కుడి పక్కన చాలా కిందకి వరి, ఎండు గడ్డి వాసన. ఆయన వెలుగుని నీళ్ళ మీద వేయడం లేదు, గట్టు లోపలి వాలు మీద వేస్తున్నాడు. పది అడుగులు వేసి ఆగుతున్నాడు, వింటున్నాడు. ఒకచోట వంగి, చేత్తో గడ్డి పక్కకి తీశాడు. ఎండ్రకాయ బొరియ, బొటనవేలంత ఉంటుంది. దాంట్లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కాదు, దారంలా సన్నగా చేలోకి దిగుతున్నాయి. ఆయన ఏమీ మాట్లాడలేదు. టార్చి నా చేతికిచ్చి, కాలువ వైపు దిగి మోకాళ్ళ లోతులో నిలబడి రెండు చేతులతో బంకమట్టి పెళ్ళ తీశాడు. దాన్ని బొరియలో కూరి మడమతో తొక్కాడు. కాసేపు ఆగాం. మట్టి పక్కనుంచి మళ్ళీ తడి మెరిసింది. "ఇంకొకటి" అన్నట్టు వేలు చూపించాడు. నేను టార్చి కింద పెట్టి లుంగీ ఎగ్గట్టుకుని కాలువలోకి దిగాను.